రైజెన్ 7600, బి650 బోర్డు: విజయవాడలో నా పీసీ అప్‌గ్రేడ్ అనుభవం

2025 మార్చిలో మొదలుపెట్టిన పని మే చివరికి గానీ ఒక కొలిక్కి రాలేదు. మధ్యలో ఒక బోర్డు వెనక్కి పంపడం, డబ్బులు తిరిగి వస్తాయో రావో అని ఎదురుచూడటం, సాయంత్రం గాలివాన రాగానే కరెంటు పోవడం, అన్నీ అయ్యాయి. ప్రాసెసర్ ఏది కొనాలో త్వరగానే తేలింది. అసలు తిప్పలన్నీ మదర్‌బోర్డు (ప్రాసెసర్, ర్యామ్, కార్డు అన్నీ అమర్చే పలక) దగ్గరే. వీడియోల్లో ప్రాసెసర్ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు బోర్డు గురించి రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పైగా వాళ్ళు చెప్పే రేట్లు ఢిల్లీవో బెంగళూరువో. మనకి విజయవాడలో ఏ బోర్డు దొరుకుతుంది, దొరికింది పాడైతే ఎవరు బాధ్యత తీసుకుంటారు అన్నది ఎవరూ చెప్పరు. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

నా పాత సిస్టమ్ 2019లో కొన్నది. ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్, బి365 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 550 వాట్ల పవర్ సప్లై. 2024 దీపావళికి గ్రాఫిక్స్ కార్డు మాత్రం మార్చి ఆర్‌టీఎక్స్ 4060 వేశాను. మొదట్లో హాయిగానే ఉంది. కానీ సైబర్‌పంక్ 2077లో జనం కిక్కిరిసిన మార్కెట్ వీధిలోకి వెళ్ళగానే ఆట గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పడేది. తుపాకుల ఆట వాలొరెంట్‌లో ఐదుగురు ఒకేచోట చేరి పొగ లేపే స్మోక్‌లు వేసుకుంటే, అప్పటిదాకా 190 దగ్గర ఉన్న ఎఫ్‌పీఎస్ (సెకనుకి పడే ఫ్రేములు) ఒక్కసారిగా 100కి పడిపోయేది. సరిగ్గా గురి చూసి కొట్టాల్సిన క్షణంలోనే ఇలా అయితే ఎంత మండుతుందో ఆడేవాళ్ళకి తెలుసు.

తప్పు ప్రాసెసర్‌దా, కార్డుదా అని తేల్చుకోవడానికి చేసిన పని చాలా చిన్నది, డబ్బు ఖర్చు లేనిది, మీరూ ముందు అదే చేయండి. ఆట నడుస్తుండగా స్క్రీన్ మూలన కార్డు వాడకం, ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ (విడిగా లెక్కలు చేసే భాగం) వాడకం కనిపించేలా పెట్టుకున్నాను. కార్డు 55, 60 శాతం దగ్గర తిరుగుతోంది, ప్రాసెసర్ ఆరు కోర్లూ నూటికి నూరు. తర్వాత రిజల్యూషన్‌ని 1080 నుంచి 720కి దించాను, అలా చేస్తే కార్డుకి పని తగ్గుతుంది. తప్పు కార్డుదే అయితే ఎఫ్‌పీఎస్ గబుక్కున పెరగాలి. పెరగలేదు, అదే మార్కెట్ వీధిలో అదే 45 చుట్టూ తిరుగుతోంది. ఇంక అనుమానం లేదు. 9400ఎఫ్‌లో ఆరు కోర్లకి ఆరు థ్రెడ్లే, హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండు పనులు పట్టుకునే ఏర్పాటు) లేదు. వెనకాల డిస్కార్డ్, బ్రౌజర్ తెరిచి ఉంటే ఆటకి మిగిలేది ఇంకా తక్కువ. దీనికి తోడు 4060 పీసీఐఈ (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారి) 4.0లో ఎనిమిది లేన్లతోనే పనిచేసే కార్డు, నా పాత బోర్డు 3.0 దగ్గరే ఆగిపోయింది కాబట్టి అక్కడ కూడా కొంత పోతోంది.

ఇంట్లో చెప్పడం ఇంకో ఘట్టం. నాన్న మొదటి మాటే, "పోయినేడే కదరా ముప్పై వేలు పోసి ఏదో కార్డు కొన్నావు, మళ్ళీ నలభై వేలా?" అని. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. నా జీతమే అయినా ఆ ఇంట్లో నలభై వేలంటే చిన్న మొత్తం కాదు. కూర్చోబెట్టి స్క్రీన్ మీద ఆ అంకెలు చూపించాను. ఆయనకి అందులో ఎంత అర్థమైందో తెలీదు గానీ చివరికి ఒకటే షరతు పెట్టారు. "సరే, కొనుక్కో. కానీ మళ్ళీ మూడేళ్ళకి మొత్తం పీకి మార్చాలి అనకూడదు." నిజానికి మొత్తం ఎంపికని నడిపించింది ఆ ఒక్క షరతే. అప్పటిదాకా ఏ ప్రాసెసర్ ఎంత వేగం అని చూస్తున్నవాణ్ణి, ఏ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఎన్నాళ్ళు బతుకుతుంది అని చూడటం మొదలుపెట్టాను.

పాత బోర్డులోనే ఇంకో ప్రాసెసర్ వేయచ్చు కదా అని మొదట వెతికాను. సెకండ్ హ్యాండ్‌లో ఐ7-9700 దొరుకుతుంది, ఎనిమిదీ తొమ్మిది వేలు చెప్పారు. కానీ ఆ సాకెట్‌కి 9వ తరమే ఆఖరు. ఇంటెల్ దగ్గర నాకున్న బాధ ఇదే. ఎల్‌జీఏ 1151 అన్న పేరు ఒకటే అయినా 6, 7 తరాల కోసం వచ్చిన బోర్డుల్లో 8, 9 తరాల ప్రాసెసర్లు నడవవు. తర్వాత 10, 11 తరాలకి 1200 సాకెట్, 12 నుంచి 14 దాకా 1700, 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ వాటికి 1851. ఆరేళ్ళ పాత, గ్యారంటీ లేని ప్రాసెసర్ మీద తొమ్మిది వేలు పెట్టడానికి మనసొప్పలేదు.

తర్వాత మిగిలినవి మూడు దారులు. మొదటిది ఐ5-12400ఎఫ్, దానికి డీడీఆర్4 తీసుకునే బి760 బోర్డు. నా పాత ర్యామ్ అందులోనే పెట్టుకోవచ్చు. ఏప్రిల్ మొదట్లో నాకు చెప్పిన రేట్లు ప్రాసెసర్ 11,200, బోర్డు 10,400. రెండోది రైజెన్ 5 5600, బి550 బోర్డు. అదైతే రెండూ కలిపి 18,700లో అయిపోతోంది, పాత ర్యామ్ దీనికీ సరిపోతుంది. మూడోది రైజెన్ 5 7600, ఏఎం5 సాకెట్ ఉన్న బోర్డు, దీనికి డీడీఆర్5 తప్పనిసరి కాబట్టి ర్యామ్ కూడా కొత్తది కొనాలి, మొత్తం నలభై దాటుతుంది.

డబ్బుకి ఇబ్బందిగా ఉన్నవాళ్ళకి మొదటి రెండూ మంచివే, నేను ఎవరినీ వద్దనను. 4060 లాంటి కార్డుతో 5600 కూడా దాదాపు అన్ని ఆటలూ బాగా ఆడిస్తుంది. కానీ 1700 సాకెట్‌లో 12400ఎఫ్ తర్వాత పై తరానికి వెళ్ళాలంటే 13, 14 తరాలే దిక్కు. 2024లో ఆ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలామందికి ఆటల మధ్యలో క్రాష్ అవడం, దానికి ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) మార్పులు విడుదల చేసి వారంటీని ఇంకో రెండేళ్ళు పెంచడం అందరికీ గుర్తుండే ఉంటుంది. 12వ తరానికి ఆ గొడవ లేదు, అయినా రేపు నేను ఎక్కాల్సిన మెట్టే సందేహంగా ఉంటే ఈ రోజు ఆ బోర్డు కొనడం ఎందుకు అనిపించింది. ఏఎం4 (5600 కూర్చునే సాకెట్) వైపు 5700ఎక్స్3డీ మీద ఆశపడ్డాను, దాని క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 96 ఎంబీ, ఆటలకి బ్రహ్మాండంగా ఉంటుంది. గవర్నర్‌పేటలో అడిగిన ఒక్క షాపులోనూ లేదు.

ఏఎం5 నాన్న షరతుకి సరిగ్గా సరిపోయింది. ఈ సాకెట్‌ని 2027, ఆపైన కూడా కొనసాగిస్తామని రైజెన్ తయారుచేసే ఏఎండీ చెప్పింది. కంపెనీ మాట ఒక్కటే అయితే నమ్మేవాణ్ణి కాదు గానీ, దాని ముందటి ఏఎం4 కథ కళ్ళముందు ఉంది. 2017లో కొన్న బోర్డుల్లో బయోస్ (బోర్డు లోపలి ప్రోగ్రామ్) మార్చుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ వేసుకున్నవాళ్ళు ఉన్నారు. నేను ఈ రోజు 7600 వేసుకుని, మూడు నాలుగేళ్ళ తర్వాత 7800ఎక్స్3డీనో 9800ఎక్స్3డీనో రేటు తగ్గాక అదే బోర్డులో పెట్టుకోవచ్చు. ఇప్పుడే ఆ ఎక్స్3డీ ఎందుకు కొనలేదంటే, 4060 దగ్గర ఉన్నప్పుడు అంత ప్రాసెసర్ తెచ్చినా సైబర్‌పంక్ లాంటి ఆటల్లో కార్డే ఆపేస్తుంది.

7600, 7500ఎఫ్ మధ్య కూడా కాసేపు ఊగిసలాడాను. రెండూ ఆటల్లో దగ్గర దగ్గరే, 7500ఎఫ్ తక్కువకి వస్తోంది. తేడా ఏంటంటే 7600లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. దానితో ఆటలు ఆడలేం, కానీ కార్డు పాడై వారంటీకి పంపితే అది తిరిగొచ్చేదాకా కంప్యూటర్ మూలన పడి ఉండదు. మన దగ్గర్నుంచి కార్డు సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి రావడానికి వారాలు పడుతుంది. ఆఫీసు పని కూడా దీని మీదే చేసే నాకు ఆ కాస్త ఎక్కువ పెట్టడం సబబే అనిపించింది.

ఇంక బోర్డు. ఏఎం5లో చౌకగా ఏ620 రకం ఉంది. 7600 వరకూ అది చాలు. కానీ అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (మామూలు కంటే ఎక్కువ వేగంతో నడపడం) ఉండదు, నేను చూసిన వాటిలో వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ కూడా లేదు. వీఆర్‌ఎం అంటే ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి అందించే భాగం, సాకెట్ పక్కన వరసగా ఉంటుంది. ఏసీ లేని గదిలో, విజయవాడ ఎండల్లో, రేపు పెద్ద ప్రాసెసర్ వేస్తే దాని మీద పడే వేడి ఎంతో ఆలోచించుకోండి. కాబట్టి బి650 అని ఖాయం చేసుకున్నాను. అందులో నాకు కావాల్సినవి కాగితం మీద రాసుకున్నాను: వీఆర్‌ఎం రెండు వైపులా హీట్‌సింక్, ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చగలిగే ఫ్లాష్‌బ్యాక్ బటన్, ఎం.2 స్లాట్లు (ఎస్ఎస్‌డీలు పెట్టే చోట్లు) రెండు, ఏ భాగం దగ్గర ఆగిందో చూపించే చిన్న లైట్లు, మూడేళ్ళ వారంటీ. ఈ కాగితం పట్టుకుని షాపులు తిరిగితే, ఒకచోట "అవన్నీ ఎందుకు సార్, బోర్డు బోర్డే" అన్నారు. ఇంకోచోట బి650 అని చెప్పి ఏ620 బాక్స్ తెచ్చి పెట్టారు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో తెలిసిన అబ్బాయితో రేటు కనుక్కుంటే ఇక్కడికంటే పదిహేను వందలు తక్కువ. రానుపోను ఛార్జీ, ఒక రోజు సెలవు కలుపుకుంటే అందులో మిగిలేది లేదు.

ఆన్‌లైన్‌లో నాకు కావాల్సిన బోర్డు 12,600కి కనిపించింది. ఏప్రిల్ 12, శనివారం ఆర్డర్ పెట్టాను. బోర్డు ఒక్కటే, ప్రాసెసర్ పెట్టలేదు. రెండూ వేరే వేరే రోజుల్లో వస్తే ముందొచ్చినదాని రిటర్న్ గడువు పరీక్షించకుండానే గడిచిపోతుంది, అందుకని బోర్డు చేతికొచ్చాక అదే రోజు వెళ్ళి ప్రాసెసర్ తెచ్చుకుందామని.

17న వచ్చింది. బాక్స్ సీలు తెగి, దాని మీద ఇంకో టేపు వేసి ఉంది. డెలివరీ అబ్బాయి ఉండగానే తమ్ముడి చేతికి ఫోన్ ఇచ్చి వీడియో తీయమన్నాను, బాక్స్ ఆరు వైపులా, మీద లేబుల్, తర్వాత తెరవడం, ఎక్కడా ఆపకుండా. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, 1718 పిన్నులు. ప్లాస్టిక్ మూత తీసి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేస్తే అన్నీ ఒకే తీరున మెరవాలి. ఒక మూల దగ్గర నాలుగైదు పిన్నులు పక్కకి వాలి, మెరుపు తెగిపోయి కనిపించింది. అది చూడగానే కడుపులో తిప్పినట్టయింది. పన్నెండు వేల ఆరు వందలు, అక్కడ.

రిటర్న్ పెడితే మొదట తిరస్కరించారు, "ఫిజికల్ డ్యామేజ్ వారంటీలోకి రాదు" అని. పిన్నులు వంగితే వాడినవాడే వంచాడనుకుంటారు, ఎవరైనా అంతే, ఇది అందరికీ జరిగేదే. వీడియో పంపాను. చూశామన్నారు, రెండు రోజులాగమన్నారు, మళ్ళీ ఫోన్ చేస్తే ఇంకెవరో మాట్లాడి మొదటి నుంచి చెప్పమన్నారు. ఆ వారంలో ఆఫీసులో పనిమీద ధ్యాసే లేదు. ఫోన్ మోగిన ప్రతిసారీ అదేనేమో అని. చివరికి 25న బోర్డు తీసుకెళ్ళారు, మే 5న డబ్బులు ఖాతాలో పడ్డాయి. ఆ వీడియో లేకపోతే నా మాట నిరూపించుకోవడానికి ఏమీ ఉండేది కాదు. బాక్స్ చేతికి రాగానే, తెరవకముందే వీడియో మొదలుపెట్టండి, ఎంత నమ్మకమైన చోట కొన్నా సరే.

డబ్బులు వచ్చాక మళ్ళీ ఆన్‌లైన్ జోలికి పోలేదు. గవర్నర్‌పేటలో నా కాగితం చూసి, విసుక్కోకుండా ఒక్కొక్కటీ చదివిన షాపాయన ఒకరున్నారు. "తమ్ముడూ, ఫ్లాష్‌బ్యాక్ ఉన్న బి650 నా దగ్గర ఇప్పుడు లేదు, హైదరాబాద్ నుంచి తెప్పిస్తా, వారం అవుతుంది" అన్నారు. వెయ్యి అడ్వాన్స్ ఇచ్చి చీటీ రాయించుకున్నాను. బోర్డు 13,900, ఆన్‌లైన్ కంటే పదమూడు వందలు ఎక్కువ. ఆ పదమూడు వందలకి నాకు దొరికింది ఏంటో చెప్తాను.

మే 17, శనివారం, బోర్డు వచ్చిందని ఫోన్. వెళ్ళగానే నేనడిగింది ఒకటే, "అన్నా, బాక్స్ ఇక్కడే తెరిచి సాకెట్ చూద్దాం." ఆయనే టార్చ్ వేశారు. అన్ని మూలల నుంచీ చూశాం, అన్నీ నిటారుగా ఉన్నాయి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాను, దుకాణం ముద్ర, జీఎస్‌టీ నంబరు ఉన్న బిల్లు. అన్ని రేట్లలోనూ 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంది. బిల్లు లేకుండా తీసుకుంటే కొంచెం తగ్గిస్తామని ఇంకో షాపులో అన్నారు గానీ, మూడేళ్ళ వారంటీ మొత్తం ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది.

బయోస్ సంగతి కూడా అక్కడే తేల్చుకున్నాం. బాక్స్ మీద తయారీ చూస్తే పాత స్టాకే. 2023 ఏప్రిల్‌లో కొన్ని 7800ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయిన ఫొటోలు వచ్చాయి గుర్తుందా, ర్యామ్‌కి ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసినప్పుడు ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో ఒక భాగానికి వెళ్ళే వోల్టేజ్) మరీ ఎక్కువ వెళ్ళడం అందులో ఒక కారణం. తర్వాత ఏఎండీ కొత్త బయోస్‌ల ద్వారా ఆ వోల్టేజ్‌ని 1.3 వోల్టుల దగ్గర ఆపేసింది. అంటే అంతకుముందు తయారైన బోర్డు కొంటే, ఎక్స్‌పో ముట్టుకోకముందే బయోస్ మార్చాలి. అది మా ఇంట్లో చేయడం నాకిష్టం లేదు, సాయంత్రమైతే ఈదురుగాలి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, మధ్యలో పోతే బోర్డు గతి ఏంటో. షాపులో యూపీఎస్ ఉంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, కంపెనీ సైట్ నుంచి దింపిన ఫైలుకి వాళ్ళు చెప్పిన పేరు పెట్టి, వెనక గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టాలి. వేరే పోర్టులో పెడితే పనిచేయదు. బోర్డుకి 24 పిన్ను, 8 పిన్ను కరెంటు వైర్లు తగిలించి, ప్రాసెసర్ లేకుండానే బటన్ మూడు సెకన్లు నొక్కారు. లైట్ మినుకుమినుకుమంటూ ఐదారు నిమిషాలు. మేమిద్దరం మాట్లాడకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాం, ఆ లైట్ ఆరిపోయాక ఆయన "అయిపోయింది" అన్నప్పుడు గానీ ఊపిరి ఆడలేదు నాకు.

ప్రాసెసర్ అక్కడే తీసుకున్నాను, 17,800. ర్యామ్ డీడీఆర్5 6000, 16 జీబీవి రెండు, ఎక్స్‌పో రాసి ఉన్నవి, 8,900. నాలుగు స్లాట్లున్నాయి కదా అని ఎనిమిది జీబీవి నాలుగు కొనాలనుకునేవాళ్ళు ఆగండి. ఏఎం5లో నాలుగూ నింపితే అధికారికంగా చెప్పే వేగం 3600కి పడిపోతుంది. రెండే కొని, ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి.

మర్నాడు, ఆదివారం పొద్దున్నే ఫ్యాన్ ఆపేసి కింద చాప మీద కూర్చున్నాను. గదిలో అప్పటికే 34 డిగ్రీలు, చెమట చుక్క బోర్డు మీద పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకున్నాను. ప్రాసెసర్ మూలన చిన్న బంగారు త్రిభుజం ఉంటుంది, సాకెట్ మీద కూడా అదే గుర్తు. రెండూ కలిపి, వేళ్ళతో అంచులు పట్టుకుని నిలువుగా వదలాలి, నొక్కకూడదు, జరపకూడదు. తర్వాత లివర్ దించడానికి నేను అనుకున్నదానికంటే బలం కావాల్సి వచ్చింది, కిర్రుమని చప్పుడు కూడా వస్తుంది, ప్రాసెసర్ విరిగిపోతోందేమో అని గుండె ఆగినంత పనైంది. అది మామూలే. ఆ ఒత్తిడికి నల్లటి ప్లాస్టిక్ మూత తనంతట తనే పైకి ఎగిరి వస్తుంది, దాన్ని మాత్రం పారేయకండి. బోర్డు వారంటీకి పంపేటప్పుడు సాకెట్ మీద ఆ మూత ఉండాలంటారు, లేకపోతే వెనక్కి పంపేసే అవకాశం ఉంది. నాది బిల్లుతో పాటు బాక్స్‌లో దాచాను.

ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్ బిగించాలంటే బోర్డు మీద ముందే ఉన్న రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పేయాలి, నాలుగు స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుకుంటూ రావాలి. నా బోర్డుకి ప్రాసెసర్ కరెంటు కోసం 8 పిన్నుతో పాటు ఇంకో 4 పిన్ను సాకెట్ కూడా ఉంది, నా పవర్ సప్లైకి ఒకటే వైరు. 7600 లాగేది 88 వాట్లకి మించదు కాబట్టి ఆ రెండోది ఖాళీగా వదిలేయచ్చు. దాని కోసం పవర్ సప్లై మార్చక్కర్లేదు.

మొదటిసారి ఆన్ చేసినప్పటి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది భయపడి బోర్డు పోయిందనుకుని షాపుకి పరిగెడతారు. బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ నల్లగానే ఉంది. బోర్డు మీద ర్యామ్ పక్కన పసుపు లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. డీడీఆర్5 కొత్తగా పెట్టినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో మాటలు కుదుర్చుకోవడానికి టైమ్ తీసుకుంటుంది, మెమరీ ట్రైనింగ్ అంటారు. నాకది తెలుసు, తెలిసినా ఆ నల్ల స్క్రీన్ ముందు కూర్చోవడం మామూలు టెన్షన్ కాదు. మూడు నిమిషాలైంది. నాలుగు. తమ్ముడు "అన్నయ్యా, ఒకసారి ఆపి ఆన్ చేద్దామా" అంటాడు, వద్దురా ఉండు అంటున్నాను. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. పది నిమిషాల తర్వాత వచ్చింది, ట్రైనింగ్ మళ్ళీ మొదటి నుంచి. ఈసారి ఆరో నిమిషం దాటాక తనంతట తనే ఒకసారి ఆగి, మళ్ళీ లేచి, బోర్డు కంపెనీ బొమ్మ వచ్చింది. ఇంట్లో ఇద్దరం అరిచిన అరుపుకి అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఎక్స్‌పో ఆన్ చేశాక ఇంకోసారి అదే వ్యవహారం, కాకపోతే తక్కువ సేపు. తర్వాత రోజూ ఆన్ చేసేటప్పుడు ఆలస్యమవుతుంటే బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ అని ఉంటుంది, అది ఎనేబుల్ చేస్తే తగ్గుతుంది. చేశాక కొన్ని రోజులు క్రాష్‌లు ఏమైనా వస్తున్నాయేమో గమనించండి. నాకు రాలేదు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోతుందని అప్పటికే చెప్పేశారు కాబట్టి ఎలాగూ కొత్తగా విండోస్ 11 వేశాను. సగంలో ఇంటర్నెట్ అడిగింది, బోర్డు నెట్‌వర్క్ డ్రైవర్ అందులో లేదు, వైఫై కనపడదు, కేబుల్ పెట్టినా లాభం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీతో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే అది పట్టుకుంది. బోర్డు మారితే విండోస్ యాక్టివేషన్ కూడా పోతుంది. పాత సిస్టమ్ విప్పకముందే లైసెన్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కలిపి పెట్టుకున్నాను, కొత్తదాంట్లో ట్రబుల్‌షూటర్‌లోకి వెళ్ళి హార్డ్‌వేర్ మార్చానని చెప్తే యాక్టివేట్ అయింది. ఇది రిటైల్ లైసెన్స్‌కే, కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎమ్ లైసెన్స్ ఇంకో బోర్డుకి మారదు. వాలొరెంట్ తెరిస్తే వాన్ 9003 అని ఎర్రర్. సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉంది, బయోస్‌లోకి వెళ్ళి ఆన్ చేశాక ఆట మొదలైంది.

వేడి గురించి కూడా చెప్పాలి. మధ్యాహ్నం గది 37 దగ్గర ఉన్నప్పుడు ఆటలో ప్రాసెసర్ 78 దాకా వెళ్ళింది, అన్ని కోర్లూ వాడే పరీక్ష పెడితే 90. దీని హద్దు 95 కాబట్టి ప్రమాదమేమీ లేదు, కానీ ఆ చిన్న కూలర్ చేసే గోలకి పక్క గదిలో నాన్న టీవీ సౌండ్ పెంచుకున్నారు. నెలాఖరున 1,700 పెట్టి ఒక ఫ్యాన్ ఉన్న చిన్న టవర్ కూలర్ తెచ్చాను, ఆటలో 65, 66కి దిగింది, చప్పుడూ లేదు. ఏసీ గదిలో ఉండేవాళ్ళకి ఇది అక్కర్లేదు.

ఇప్పుడు అదే మార్కెట్ వీధిలో, అదే సెట్టింగుల్లో సైబర్‌పంక్ 80 చుట్టూ ఉంటోంది, కార్డు వాడకం 97, 98 శాతం. ముఖ్యంగా ఆ గతుకులు పోయాయి. వాలొరెంట్ అయితే 350 పైన, స్మోక్‌ల మధ్యలో కూడా 250 కిందికి పడటం నేను చూడలేదు. నా మానిటర్ 144 హెర్ట్జ్‌దే (సెకనుకి 144 ఫ్రేములే చూపగలదు), అంత అవసరం లేదు నిజమే, కానీ ఆ పడిపోవడం లేకపోవడం చేతికి తెలుస్తోంది. మొన్న రాత్రి స్నేహితులతో చాలాసేపు ఆడాను, ఒక్కసారి కూడా ఎఫ్‌పీఎస్ అంకె వైపు చూడాలనిపించలేదు.

మొత్తం ఖర్చు కూలర్‌తో కలిపి 42,300. పాత ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి గుంటూరులో ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి 8,500కి తీసుకున్నాడు, మూడూ నడుస్తున్నట్టు వీడియో కాల్‌లో చూపించి ఆర్టీసీ కార్గోలో వేశాను. అంటే నా చేతి నుంచి పోయింది 33,800. విడివిడిగా అమ్మితే ఇంకో వెయ్యి వచ్చేదేమో గానీ, ఆ తరం ప్రాసెసర్‌కి పనికొచ్చే బోర్డు విడిగా కొత్తది దొరకడం కష్టం, కలిపి ఇస్తేనే ఆ అబ్బాయికి ఉపయోగం. వాడి దగ్గర పాత 1050 టీఐ కార్డు ఉందట, దానికి 9400ఎఫ్ బోలెడు. బి365 బోర్డులో ర్యామ్ 2666కి మించి నడవదు, దాని కోసం వేగం ఎక్కువున్నది కొనొద్దని చెప్పి పంపాను.